నిశ్చితార్థపు ఉంగరం నచ్చనప్పుడు

పెళ్లికి మాట ఇచ్చిన సంతోషం నిజమే. ఉంగరం చూడగానే లోపల ఎక్కడో చివుక్కుమన్నదీ నిజమే. ఈ రెండూ ఒకే మనిషికి ఒకే నిమిషంలో కలగవచ్చునని ఒప్పుకోలేకపోవడంతోనే తర్వాతి చిక్కులు మొదలవుతాయి. నచ్చలేదంటే అత్యాశ అనుకుంటారేమో, ప్రేమను బంగారంతో తూచినట్లు అవుతుందేమో అన్న జంకు నోరు కట్టేస్తుంది. నోరు విప్పకపోతేనేమో, రోజూ కళ్లముందు కనిపించే వస్తువును ఏళ్ల తరబడి మెచ్చుకుంటున్నట్లు నటించాల్సి వస్తుంది.

ఇలాంటప్పుడు సలహా చెప్పేవారు ఎక్కువగా రెండు పక్షాలుగా ఉంటారు. వస్తువు కాదు, ఇచ్చిన మనసు చూడాలని మందలించేవారు ఒక పక్షం. జీవితాంతం పెట్టుకోవలసింది నువ్వు కదా, మార్పించుకో అని ఎగదోసేవారు రెండో పక్షం. మొదటివారు ఉంగరం వాడుకలో ఉండే వస్తువన్న సంగతి మరిచిపోతారు. రెండోవారు అది కానుకన్న సంగతి మరిచిపోతారు. అసలు చిక్కంతా అది ఒకేసారి రెండూ కావడంలో ఉంది.

కానుకకు ఒక ధర్మం ఉంది. దాన్ని ఇచ్చేవారే ఎంచుతారు, రహస్యంగా ఉంచుతారు, అందుకునేవారు ఆశ్చర్యపోతే ఇద్దరికీ తృప్తి. ఒంటిమీద నిత్యం ఉండే వస్తువు ధర్మం వేరు. దాని కొలత, బరువు, రంగు, ఎత్తు, చేసే పనికి అడ్డురాకపోవడం, ఇవన్నీ పెట్టుకునేవారికే తెలుస్తాయి. కళ్లజోడు ఫ్రేమును ఎవరూ రహస్యంగా కొనుక్కొచ్చి, దీన్నే జీవితాంతం పెట్టుకోమని పదిమంది ముందు ఇవ్వరు. నిశ్చితార్థపు ఉంగరం విషయంలో మాత్రం సరిగ్గా ఆ పనే చేస్తారు, పైగా అది కుదరకపోతే ఆశ్చర్యపోతారు. కాబట్టి నిరాశ కలిగినంత మాత్రాన ఇద్దరిలో ఎవరి ప్రేమనూ శంకించనక్కరలేదు. ఏర్పాటులోనే ఆ నిరాశకు చోటుంది.

ఈ ఏర్పాటు అనాదిగా వస్తున్నదేమీ కాదు. ప్రాచీన రోమ్‌లో వాగ్దానానికి గుర్తుగా ఇచ్చిన ఉంగరం ఇనుముతో చేసినది. అది ఒప్పందానికి సాక్ష్యం మాత్రమే, అందచందాల ప్రసక్తి అందులో లేదు. 1477లో ఆస్ట్రియాకు చెందిన మాక్సిమిలియన్, బర్గండీ మేరీకి వజ్రపుటుంగరం ఇచ్చాడన్నది వజ్రాల చరిత్ర చెప్పేవారు తప్పకుండా ఎత్తే ఉదాహరణ. కానీ అది రాజవంశాల మాట. విక్టోరియా రాణి నిశ్చితార్థపు ఉంగరం పాము ఆకారంలో ఉండేది, తలలో పచ్చ పొదిగి ఉండేది. వజ్రం ఒక్కటే సరైన రాయి అన్న భావన అప్పటికి పుట్టలేదు. 1860ల చివర దక్షిణాఫ్రికాలో గనులు బయటపడ్డాక వజ్రాలు కుప్పలుగా రావడం మొదలైంది. 1888లో ఏర్పడిన డి బీర్స్ సంస్థ ఆ సరఫరాను గుప్పిట్లో పెట్టుకుంది. 1886లో టిఫనీ అనే అమెరికన్ నగల సంస్థ ఒంటిరాయిని ఆరు కొక్కేలతో పైకెత్తి నిలబెట్టే పద్ధతిని తెచ్చింది. నేటికీ ఉంగరం అనగానే చాలామందికి మనసులో మెదిలే బొమ్మ అదే.

ఆర్థిక మాంద్యం రోజుల్లో అమ్మకాలు పడిపోయాక డి బీర్స్ 1938లో ఎన్.డబ్ల్యు. అయర్ అనే అమెరికన్ ప్రకటనల సంస్థను ఆశ్రయించింది. అక్కడ పనిచేసే ఫ్రాన్సెస్ జెరెటీ 1947లో 'వజ్రం శాశ్వతం' అనే అర్థం వచ్చే నినాదం రాసింది. 1980లలో ప్రకటనలు ఇంకో అడుగు ముందుకేసి, రెండు నెలల జీతం పెట్టి ఉంగరం కొనడం సబబే కదా అని అడిగాయి. జపాన్‌లో ఆ లెక్క మూడు నెలలైంది. అమ్మేవారు తమకు లాభించే కొలబద్దను కొనేవారి చేతికే ఇచ్చి, దాంతో ప్రేమను కొలుచుకోమన్నారు. ఉంగరం అందుకున్న క్షణంలో ఎలా మురిసిపోవాలో కూడా ఆ ప్రకటనల బొమ్మలే నేర్పాయి. ఆ మురిపెం ముఖంలో కనిపించకపోతే ఇచ్చినవారు బెదిరిపోతారు, అందుకున్నవారు తమను తాము నిందించుకుంటారు.

ధర విషయంలో ఇచ్చేవారి అంచనా ఎంత తప్పుతుందో ఒక పరిశోధన బాగా చూపించింది. 2009లో ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ అనే పరిశోధకులు కానుక ధరకూ, అందుకున్నవారి మెప్పుకూ ఉన్న సంబంధాన్ని పరీక్షించారు. అందులో ఒక భాగం నిశ్చితార్థపు ఉంగరాల గురించే. ఎక్కువ ఖర్చు పెడితే ఎక్కువ మెచ్చుకుంటారని ఇచ్చిన పురుషులు నమ్మారు. అందుకున్న స్త్రీల మెప్పు మాత్రం ధరతో పాటు పెరగలేదు. అంటే, నచ్చకపోవడానికి డబ్బు చాలకపోవడమే కారణమని ఇచ్చినవారు ఊహించుకుని బాధపడటం చాలాసార్లు దారి తప్పిన బాధ. అమెరికాలో పెళ్లయిన 3,000 మందికి పైగా సమాధానాలను ఆండ్రూ ఫ్రాన్సిస్, హ్యూగో మియలాన్ అనే ఆర్థికవేత్తలు విశ్లేషించారు. ఉంగరం మీద 500 నుంచి 2,000 డాలర్ల మధ్య ఖర్చు పెట్టిన పురుషులతో పోలిస్తే, 2,000 నుంచి 4,000 డాలర్ల మధ్య పెట్టినవారిలో విడాకుల ప్రమాదం 1.3 రెట్లు కనిపించింది. ఖరీదైన ఉంగరం కాపురం కూలుస్తుందని దీని అర్థం కాదు. అప్పుల భారమో, మరేదో కారణమో మధ్యలో ఉండవచ్చు. ఉంగరం ఖరీదు కాపురానికి బీమా కాదన్నంతవరకు మాత్రం ఈ లెక్క చాలు.

నిరాశ దేని మీద?

'నచ్చలేదు' అన్న ఒక్క మాటలో చాలా సంగతులు ఇరుక్కుని ఉంటాయి. వాటిని విడదీయకుండా మాట్లాడితే, ఇద్దరూ వేర్వేరు విషయాల మీద పోట్లాడుకుంటారు.

అన్నిటికంటే తేలిక శరీరానికి కుదరకపోవడం. ఉంగరం వదులై తిరిగిపోతుంది, లేదా కణుపు దగ్గర ఆగిపోతుంది. రాయి మరీ ఎత్తుగా ఉండి జుట్టుకో, ఉన్ని దుస్తులకో, చేతి తొడుగులకో తగులుకుంటుంది. నిత్యం చేతులు కడుక్కునే నర్సుకో, యంత్రాల దగ్గర పనిచేసేవారికో, పసిపిల్లల్ని ఎత్తుకునేవారికో పైకి పొడుచుకొచ్చిన రాయి రోజంతా ఇబ్బందే. కొందరికి లోహం పడక వేలిచుట్టూ దద్దురు వస్తుంది. దానికి తరచుగా కారణం మిశ్రమ లోహంలో ఉండే నికెల్. ఇవేవీ అభిరుచికి సంబంధించినవి కావు. వీటిని చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు, విని నొచ్చుకోవలసిన పనీ లేదు.

అభిరుచి కుదరకపోవడం దీనికంటే కాస్త సున్నితమైన విషయం. పసుపు బంగారం ఇష్టపడేవారికి తెల్ల లోహం వచ్చి ఉండవచ్చు. నిరాడంబరంగా ఉండేవారి చేతికి రాళ్ల గుంపు వచ్చి ఉండవచ్చు. రంగురాయి కోరుకున్నవారికి అందరి చేతుల్లో కనిపించే ఒంటిరాయి వచ్చి ఉండవచ్చు. ఇందులో తప్పొప్పులు లేవు. రెండు కళ్ల తేడా, అంతే.

పోలిక మూడోది. ఫోన్‌లో కనిపించే ఉంగరాలు చాలావరకు దగ్గరగా, మంచి వెలుతురులో, సన్నని వేళ్ల మీద తీసిన ఫొటోలు. చేతికి వచ్చింది వాటి పక్కన చిన్నదిగా కనిపించడంలో వింతేమీ లేదు. ఇక్కడ కొంచెం లెక్క తెలిస్తే మనసు తేలికపడుతుంది. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు. బాగా సానపట్టిన ఒక క్యారెట్ గుండ్రటి వజ్రం వ్యాసం సుమారు 6.5 మిల్లీమీటర్లు. రెండు క్యారెట్లదైతే దాదాపు 8.1 మిల్లీమీటర్లు. బరువు రెట్టింపైనా పైనుంచి కంటికి కనిపించే వెడల్పు నాలుగో వంతే పెరుగుతుంది. ధర మాత్రం అంతకు ఎన్నో రెట్లు ఎగబాకుతుంది. పెద్ద రాయి లేదని బాధపడేవారు నిజానికి ఒకటిన్నర మిల్లీమీటర్ల గురించి బాధపడుతూ ఉండవచ్చు. ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు. ఏ కొలత వల్ల బాధ కలుగుతోందో తెలిస్తే, ఆ బాధను ఎంతవరకు లెక్కచేయాలో కూడా తెలుస్తుంది.

అన్నిటికంటే లోతైనది చివరిది: తనను తెలుసుకోలేదన్న బాధ. వెండి నగలే పెట్టుకుంటానని ఎన్నోసార్లు చెప్పినా బంగారం వచ్చింది. గనుల నుంచి తవ్విన రాయి వద్దని స్పష్టంగా అన్నా అదే వచ్చింది. ఇలాంటప్పుడు మనసును నొప్పించేది ఉంగరం కాదు, మాట వినబడలేదన్న గ్రహింపు. చాలామంది తమ బాధను ఈ కోవలో వేసుకుంటారు, కానీ అన్నిసార్లూ అది నిజం కాదు. నిజంగా చెప్పారా, లేక చెప్పకుండానే తెలిసిపోవాలని ఎదురుచూశారా? ఒక్కసారి దుకాణం అద్దంలోంచి చూపించి 'అది బాగుంది' అనడం చెప్పినట్లు లెక్కా? నగల గురించి ఏమీ తెలియని మనిషికి పొదిగిన తీరు, లోహం రంగు, రాయి కోత అన్నవి తేడాలుగా కూడా కనిపించకపోవచ్చు. ప్రేమిస్తే మనసులోని మాట దానంతట అదే తెలిసిపోతుందన్న నమ్మకం వినడానికి బాగుంటుంది. ఉంగరాల దుకాణంలో అది పనికిరాదు. స్పష్టంగా చెప్పినా పట్టించుకోలేదన్నది మాత్రం వేరే సంగతి. దానికి కొత్త ఉంగరం మందు కాదు.

డబ్బు గురించిన అసంతృప్తి ఈ నాలుగింటిలోనూ కలిసిపోయి ఉండవచ్చు, విడిగానూ ఉండవచ్చు. మరీ తక్కువ పెట్టారన్న చిన్నచూపు గురించే అందరూ మాట్లాడతారు. మరీ ఎక్కువ పెట్టారని భయపడేవారూ ఉంటారు. ఉమ్మడి కాపురం మొదలుకాకముందే ఆ భారం అప్పుగా నెత్తిన పడిందని తెలిస్తే, ఎంత అందమైన ఉంగరమైనా వేలికి బరువే. ఈ బాధను చెప్పుకోవడం ఇంకా కష్టం, ఎందుకంటే వినేవారికి అది కృతఘ్నతలాగా వినిపిస్తుంది. పైగా ఆ అప్పును తీర్చబోయేది ఇద్దరూ కలిసే.

చెప్పడం, వినడం

ఉంగరం తొడిగిన నిమిషంలో ఏమీ చెప్పకపోవడం మోసం కాదు. ఆ నిమిషం పెళ్లి మాటకు చెందినది. ఉంగరం గురించి మాట్లాడటానికి ఒకటి రెండు రోజులు ఆగడం మంచిదే. ఆ రోజుల్లో కొన్ని నిరాశలు వాటంతట అవే తగ్గిపోతాయి, ఎందుకంటే కంటికి అలవాటు లేనిదంతా మొదట వికారంగానే కనిపిస్తుంది. వేర్వేరు వెలుతురులో చూడాలి, రోజంతా పెట్టుకుని పని చేసుకోవాలి. అయితే మరీ ఆలస్యం చేయకూడదు. చాలా దుకాణాల్లో వెనక్కి తీసుకోవడానికో, మార్చి ఇవ్వడానికో గడువు ఉంటుంది. కొలత మార్పించినా, లోపల పేర్లు చెక్కించినా చాలాచోట్ల ఇక వెనక్కి తీసుకోరు. కాబట్టి మనసు తేలేవరకు కొలత మార్పించడానికి కూడా తొందరపడకూడదు. ఇదొక చిత్రమైన ఇరకాటం. మనసు కుదుటపడటానికి సమయం కావాలి, రసీదు మీది తేదీ ఆగదు. పైగా ఆ రసీదు ఇచ్చినవారి దగ్గరే ఉంటుంది. అందుకే పూర్తిగా తేల్చుకున్నాకే చెబుదామని ఆగడం కంటే, 'ఇంకా అలవాటు పడుతున్నాను, మార్చుకోవాల్సి వస్తే గడువు ఎప్పటివరకు ఉంది?' అని ముందే అడగడం మేలు.

ఎవరికి ముందు చెప్పాలన్నది కూడా చిన్న విషయం కాదు. స్నేహితులకు, తోబుట్టువులకు చెప్పుకుని, వారి ద్వారా అసలు మనిషికి తెలియడం కంటే అవమానకరమైనది ఇంకొకటి ఉండదు. ఉంగరం నచ్చకపోవడాన్ని క్షమించగలిగిన మనిషి కూడా తనకంటే ముందు పదిమందికి తెలిసిందన్న సంగతిని అంత తేలిగ్గా మరిచిపోలేరు.

చెప్పే మాట తీర్పులా కాకుండా, ఇద్దరి ముందూ ఉన్న పనిలా ఉండాలి. ఉదాహరణకు: 'ఉంగరం గురించి నీతో ఒక మాట చెప్పాలి. నువ్వు ఎంత ఆలోచించి కొన్నావో నాకు తెలుసు. రాయి నాకు బాగా నచ్చింది, కానీ ఇంత ఎత్తుగా ఉండటంతో పనిలో తగులుతోంది. మనిద్దరం వెళ్లి దీన్ని వేరేలా పొదిగించుకుందామా?' ఇందులో ఒక్క షరతు ఉంది. రాయి నిజంగా నచ్చితేనే నచ్చిందని చెప్పాలి. చేదు మింగించడానికి పూసిన తీపి అబద్ధం తర్వాత అడ్డం తిరుగుతుంది. రాయిని ఉంచుకుని మిగతాదంతా మార్పించాక, నచ్చనిది రాయేనని తేలితే ఇక ఆ సంభాషణ రెండోసారి జరగదు. ఏదీ నచ్చకపోతే, 'నువ్వు అడిగిన తీరు, ఆ రోజు, అంతా నాకు అపురూపమే. ఉంగరం ఒక్కటే నాది అనిపించడం లేదు' అనవచ్చు. అది కటువుగా ఉన్నా నిజం, పైగా కానుకనూ వస్తువునూ విడదీసి చెబుతుంది. ఎవరి చేతికో ఉన్న ఉంగరంతో పోలిక, ధర ఎంతన్న ప్రశ్న, 'ఇది ఎవరు ఎంచారు?' అన్న వ్యంగ్యం, ఈ మూడూ లేకపోతే సగం గొడవలు పుట్టవు.

విన్నవారి వైపు కూడా కష్టం తక్కువేమీ కాదు. వారాల తరబడి తెలియని పదాల మధ్య తడబడి, అమ్మేవారి మాటలు నమ్మి, దాచుకున్న డబ్బు పోసి, రహస్యం కాపాడి, చివరికి వినేది ఇదీ. మొదట నోటికొచ్చేది 'దీనికి ఎంతయిందో తెలుసా?' అన్న మాటే. ఆ మాటతో ఉంగరం కానుకగా ఉండటం ఆగిపోయి బిల్లుగా మారుతుంది. ఎందుకు నచ్చలేదని నిలదీయడం కంటే ఏది నచ్చలేదని అడగడం పనికొస్తుంది. ఎందుకన్నదానికి సంజాయిషీ వస్తుంది, ఏదన్నదానికి సమాధానం వస్తుంది. ఆ రోజుకు నొచ్చుకున్నానని చెప్పి రెండు రోజులు గడువు అడగడంలోనూ తప్పులేదు. నొచ్చుకోవడం ఒక్కరి సొత్తు కాదు.

1993లో ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ క్రిస్మస్ కానుకల మీద చేసిన లెక్క ఇక్కడ గుర్తు చేసుకోదగినది. ఇచ్చినవారు పెట్టిన ఖర్చుకంటే అందుకున్నవారు ఆ కానుకలకు కట్టిన విలువ పదోవంతు నుంచి మూడోవంతు వరకు తక్కువగా ఉందని ఆయన తేల్చారు. దగ్గరివారు ఇచ్చినప్పుడు కూడా ఆ తేడా పూర్తిగా పోలేదు. ఇతరుల కోసం ఎంచడం కష్టమైన పనేనని, అందులో తడబడటం చాలా సాధారణమని దీనివల్ల తెలుస్తోంది. కావలసింది ముందే అడిగి తెలుసుకోవడాన్ని మనం ఎందుకో రసభంగం అనుకుంటాం.

ఏది మారుతుంది, ఏది మారదు

ఉంగరం మొత్తాన్ని తిరస్కరించడానికీ, మౌనంగా భరించడానికీ మధ్య చాలా చోటుందని చాలామందికి తెలియదు. బంగారం, ప్లాటినం ఉంగరాలను ఒకటి రెండు కొలతలు పెంచడం, తగ్గించడం అలవాటైన పని. వదులుగా తిరిగే ఉంగరం లోపలి వైపు చిన్న బుడిపెలు అతికిస్తే నిలుస్తుంది. చుట్టూరా రాళ్లు పొదిగినవి, టంగ్‌స్టన్‌తో చేసినవి మాత్రం కొలత మార్చడానికి లొంగవు. టైటానియం కూడా మొండిదే. ఓపల్, ముత్యం వంటివి వేడికి పాడవుతాయి కాబట్టి, అవి పొదిగిన ఉంగరాన్ని నిప్పుకు చూపే ముందు రాయిని తీసిపెట్టవలసి ఉంటుంది.

ఎత్తు ఇబ్బందైతే కొక్కేల బదులు రాయి చుట్టూ లోహపు అంచు కట్టించవచ్చు. అది దేనికీ తగులుకోదు, రాయికీ రక్షణే. చిన్నగా అనిపిస్తే చుట్టూ చిన్నరాళ్ల వలయం చేర్చవచ్చు, లేదా కింది పట్టీని సన్నగా చేయించవచ్చు. సన్నని పట్టీ మీద అదే రాయి పెద్దదిగా కనిపిస్తుంది. కొన్నాళ్లకు తెల్ల బంగారం పచ్చబారిందని దిగులుపడేవారు మోసపోయామనుకోనక్కరలేదు. తెల్ల బంగారం మీద ఉండే రోడియం అనే తెల్లని లోహపు పూత వాడకంతో అరుగుతుంది, మళ్లీ వేయించుకోవచ్చు. మాటిమాటికీ ఆ పని వద్దనుకుంటే ప్లాటినం మేలు. అందులో 95 శాతం వరకు అసలు లోహమే ఉంటుంది, 18 క్యారెట్ల బంగారంలో అది 75 శాతమే.

రాయి మార్చుకోవాలనుకునేవారు గట్టిదనం చూసుకోవాలి. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలమానంలో వజ్రం 10, కెంపు, నీలం 9, పచ్చ ఏడున్నర నుంచి 8, ఓపల్ ఆరుకు అటూ ఇటూ, ముత్యం ఇంకా తక్కువ. మామూలు దుమ్ములో ఉండే ఇసుక రేణువుల గట్టిదనం 7. అంతకంటే మెత్తని రాయిని రోజూ పెట్టుకుంటే కొన్నాళ్లకే మెరుపు పోతుంది. పచ్చ గట్టిదే అయినా, అందులో ఉండే సహజమైన పగుళ్ల వల్ల దెబ్బ తగిలితే చిట్లుతుంది. వజ్రం గీతలు పడనిదే కానీ పగలనిది కాదు. సరైన కోణంలో గట్టి దెబ్బ తగిలితే అదీ చీలుతుంది. 'శాశ్వతం' అన్న ప్రకటన ఆ సంగతి చెప్పలేదు.

ప్రయోగశాలలో పెంచిన వజ్రాల గురించి ఒక మాట. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 1954లోనే కృత్రిమంగా వజ్రం తయారుచేసింది. 2018లో అమెరికాలో వ్యాపార పద్ధతులను పర్యవేక్షించే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వజ్రం నిర్వచనం నుంచి 'సహజ' అన్న షరతును తొలగించింది. కంటితో చూసి రెండింటికీ తేడా చెప్పలేం, పరికరాలు కావాలి. కాబట్టి ప్రయోగశాల వజ్రం వచ్చిందని చిన్నబుచ్చుకోవడానికి కంటికి కనిపించే ఆధారమేదీ లేదు. గని నుంచి వచ్చినదే కావాలనుకోవడం, వద్దనుకోవడం ఎవరి ఇష్టం వారిది. కానీ ప్రయోగశాలదని తెలిసీ గనిలోదని చెప్పి ఇచ్చి ఉంటే, ఆ సంభాషణ ఉంగరం గురించి కాదు.

వారసత్వపు ఉంగరం

అమ్మదో, నానమ్మదో అయిన ఉంగరం చేతికి వస్తే చిక్కు ఇంకో మలుపు తిరుగుతుంది. ఇక్కడ మూడో మనిషి ఉన్నారు, ఒక్కోసారి ఆ మూడో మనిషి బతికి లేరు. నచ్చలేదనడం ఒక జ్ఞాపకాన్ని కాదన్నట్లు వినిపిస్తుంది. మార్పించడమంటే దాన్ని కరిగించినంత పని. ఇచ్చిన కుటుంబం దాన్ని కానుకగా చూస్తోందా, అప్పగింతగా చూస్తోందా అన్నది ముందే తేలాలి. అప్పగింతైతే పట్టీని కత్తిరించే హక్కు పెట్టుకున్నవారికి లేదు. నిత్యం వేరే ఉంగరం పెట్టుకుని, దీన్ని వేడుకలకో, గొలుసులో వేసుకోవడానికో ఉంచుకోవడం న్యాయమైన సర్దుబాటు. పూర్తి కానుకేనన్న మాట తీసుకుంటే రాయిని మాత్రం కొత్త పొదుగులోకి మార్చవచ్చు. పాత లోహాన్ని పారేయకుండా అందులో కలిపించుకునేవారూ ఉన్నారు.

ప్రపంచానికి బాగా తెలిసిన వారసత్వపు ఉంగరం యువరాణి డయానాది. 12 క్యారెట్ల నీలం, చుట్టూ 14 వజ్రాలు. 2010లో ఆమె పెద్దకొడుకు విలియం అదే ఉంగరాన్ని కేట్ మిడిల్టన్‌కు ఇచ్చాడు. ఆ కథ చెప్పేవారు ఎక్కువగా వదిలేసే సంగతి ఒకటుంది. 1981లో గారార్డ్ అనే నగల సంస్థ చూపించిన వాటిలోంచి ఆ ఉంగరాన్ని ఎంచుకున్నది డయానాయే. రాజకుటుంబపు నిశ్చితార్థంలోనే పెట్టుకునే మనిషి ఎంచుకున్నాక, మిగతావారికి ఆ స్వేచ్ఛ ఎందుకు నామోషీగా తోచాలో అర్థం కాదు.

ఉంగరం ఎవరిదన్న ప్రశ్నకు చట్టాలు కూడా ఒక్క మాట మీద లేవు. ఇంగ్లండ్, వేల్స్‌లో 1970 నాటి చట్టం ప్రకారం, వేరే షరతు ఉందని రుజువు చేయకపోతే అది పూర్తి కానుకే. అమెరికాలోని చాలా రాష్ట్రాల న్యాయస్థానాలు దాన్ని పెళ్లి జరిగితేనే సొంతమయ్యే షరతుల కానుకగా చూస్తాయి. పెళ్లికి ముందే రూపం మార్పించదలచినవారు ఇద్దరి సమ్మతితో ఆ పని చేయడానికి ఇది ఇంకో కారణం.

ఉంగరం కానప్పుడు

కొన్ని నిరాశలు ఉంగరం దగ్గర మొదలై, ఉంగరం దగ్గర ఆగవు. మృదువుగా చెప్పినా కోపంతో విరుచుకుపడటం, వారాల తరబడి మాట్లాడకపోవడం, 'నీకు ఏం చేసినా తృప్తి లేదు' అని ప్రతి సందర్భంలోనూ ఎత్తిపొడవడం కనిపిస్తే, పరీక్షించి చూడవలసింది కొక్కేలనూ క్యారెట్లనూ కాదు. అలాగే రెండుసార్లు మార్పించినా, మూడోది కూడా చిన్నదిగానే కనిపిస్తుంటే, పెట్టుకున్నవారు తమను తాము అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయి. పెళ్లి మాటకే మనసు పూర్తిగా ఊ కొట్టలేదేమో. ఆ సందేహాన్ని నేరుగా ఒప్పుకోవడం కంటే ఉంగరాన్ని తప్పుపట్టడం తేలిక కాబట్టి, కొందరు తెలియకుండానే ఆ దారి పడతారు.

మార్పించుకోకుండా ఉంచుకోవడం కూడా ఒక నిర్ణయమే, దాన్ని ఓటమిగా చూడనక్కరలేదు. అందంగా లేకపోయినా, ఎంచినవారి అమాయకత్వం అందులో కనిపిస్తోందని ముచ్చటపడి ఉంచుకునేవారు ఉన్నారు. అయితే అది గొంతు నొక్కుకుని తీసుకున్న నిర్ణయం కాకూడదు. దేన్ని ఎందుకు ఉంచుకుంటున్నారో వారికి స్పష్టంగా తెలిసి ఉండాలి. పెళ్లినాడు తొడిగే రెండో ఉంగరాన్నో, ఏళ్ల తర్వాత చేయించుకునేదాన్నో తమకు నచ్చినట్లు ఎంచుకుంటామని ముందే అనుకుంటే, మొదటిది కానుకగానే ఉండిపోతుంది. రోజువారీ పని రెండోది చేస్తుంది.

ఇంకా కొననివారికి ఈ చిక్కును ముందే విడదీసే వీలుంది. రాయి మాత్రం తెచ్చి అడిగి, పొదుగును తర్వాత ఇద్దరూ కలిసి ఎంచుకోవచ్చు. చవకైన మామూలు ఉంగరంతో అడిగి, అసలుదాని కోసం కలిసి వెళ్లవచ్చు. ఆశ్చర్యమే కావాలనుకుంటే, ఎప్పుడు, ఎక్కడ అడుగుతారన్నది రహస్యంగా ఉంచి, ఏ ఉంగరమన్నది మాత్రం ముందే మాట్లాడుకోవచ్చు. నచ్చిన రెండు మూడు రకాలు, వద్దనుకునే లోహం, పెట్టదగిన ఖర్చు తెలిస్తే కొనేవారికి చాలు. వేలి కొలత తీసేటప్పుడు చలి పొద్దున కాకుండా, చేతులు మామూలు వెచ్చదనంతో ఉండే సాయంత్రం తీయడం మంచిది. చలికి వేలు కుంచించుకుంటుంది, ఆ కొలతతో చేయించినది ఎండాకాలంలో బిగుతవుతుంది.